రాజు కూతురు కాని పిల్ల

మా మేనత్త స్కూలు యూనిఫారాలు కుట్టే షాపులో కటింగ్ మాస్టర్. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే బల్ల. మిషన్లు ఆడవాళ్ళవి, కత్తెర మగవాళ్ళది అని ఆ షాపులో ఒకప్పుడు గట్టి నమ్మకం ఉండేది. పాత మాస్టర్ చెప్పాపెట్టకుండా మానేసిన రోజు, గుండీలు కుట్టుకుంటున్న ఈవిడ లేచి వెళ్ళి నూట ఎనభై నిక్కర్లు కోసి పెట్టింది. సాయంత్రం యజమాని వచ్చి చూసి, తిట్టాలో మెచ్చుకోవాలో తేల్చుకోలేక "రేపు కూడా కొయ్యి" అన్నాడట. ఆ రేపు ఇంకా అయిపోలేదు. మేమందరం ఆవిడను కత్తెరత్త అంటాం. చాటుగా కాదు, ఎదురుగానే.

మా ఇంట్లో మేడ మీద గది ఆవిడది. మా నాన్న ఆవిడకు అన్న. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "కొలతలు కుదరలేదు" అంటుంది. ఇంకా గుచ్చి అడిగితే మెడలోంచి టేపు తీసి వాళ్ళ నడుం కొలిచి, అంకె గట్టిగా చదువుతుంది. రెండోసారి అడిగినవాళ్ళు లేరు.

ఇంకో సంగతి. కత్తెరత్త నవల రాసింది. పదిహేనేళ్ళ పిల్లలు చదువుకోవడానికి, మాయలూ మంత్రాలూ ఉన్న నవల. ఈ మాట మా ఇంట్లో చాలాకాలం ఎవరూ నవ్వకుండా చెప్పలేదు. నేనూ నవ్విన దాన్నే. ఇప్పుడు ఎవరైనా నవ్వితే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

నవల పుట్టింది ట్రయల్ గదిలో. గది అంటే ఒక తెర, ఒక అద్దం, ఒక ఎత్తుపీట. బడులు తెరవడానికి ముందు రెండు నెలలు అక్కడ ఊపిరి సలపదు. చిన్నపిల్లలతో పేచీ లేదు, పీట ఎక్కి గంతులేస్తారు. పద్నాలుగు, పదిహేనేళ్ళ వాళ్ళతోనే చిక్కు. మగపిల్లలు వంగిపోతారు. ఆడపిల్లలు ముడుచుకుపోతారు, మోచేతులు డొక్కలకు ఆనించి, అద్దం వంక చూడకుండా, ఊపిరి బిగబట్టి నిలబడతారు. తెర అవతలి నుంచి తల్లి "కాస్త వదులుగా కుట్టండి" అంటుంది. బడివాళ్ళు పంపిన కాగితంలో ఒంటికి అతికినట్టు ఉండాలని ఉంటుంది. తొడుక్కోబోయే పిల్లను మాత్రం ఎవరూ ఏమీ అడగరు.

"భయపడ్డ పిల్ల కొలత తీసుకుంటే, ఆ బట్ట ఏడాది పొడుగునా ఆ పిల్లని భయపెడుతూనే ఉంటుందే" అనేది అత్త. అందుకని టేపు మెడలోనే ఉంచుకుని ఏవో కబుర్లు చెప్పేది. కబుర్లు ముదిరి కథయ్యాయి. కథలో పడి పిల్ల ఊపిరి వదిలేది, భుజాలు దిగేవి, అప్పుడు కొలిచేది. మరుసటి ఏడాది అదే పిల్ల వచ్చి "తర్వాత ఏమైంది ఆంటీ?" అని అడిగితే, కిందటేడు ఏం చెప్పిందో గుర్తులేక నీళ్ళు నమలవలసి వచ్చేది. ఒకసారి చచ్చిపోయిన ముసలివాడిని మరుసటేడు మెట్లెక్కించిందట. పిల్ల నిలదీసింది. ఆ పరువు తక్కువ భరించలేక రాసిపెట్టుకోవడం మొదలుపెట్టింది.

రాసింది పాటర్న్ కాగితాల మీద. అంటే గుడ్డ మీద పెట్టి చుట్టూ సుద్దతో గీత గీసుకునే గోధుమరంగు కాగితాలు. పాతబడినవి పారేయకుండా, అందరూ భోజనానికి లేచిన అరగంటలో వాటి వెనకవైపు రాసేది. నేను రెండు వీధుల అవతల డీటీపీ సెంటర్‌లో పనిచేస్తాను. బిల్లు పుస్తకాలు, ప్రశ్నపత్రాలు కంపోజ్ చేస్తాను. అత్త నవల కూడా నేనే కంపోజ్ చేశాను. అయిదో అధ్యాయం ఒక చొక్కా చెయ్యి మీద ఉండేది, ఆరోది వీపు ముక్క మీద. ఎనిమిదో అధ్యాయాన్ని మిషన్లవాళ్ళు నిజంగానే పాటర్న్ అనుకుని గుడ్డ మీద పెట్టి కోసేశారు. కాగితం దక్కింది గానీ, అంచు వెంట ప్రతి వాక్యం తోకా తెగిపోయింది. నేను లబలబలాడుతూ తీసుకెళ్ళి చూపిస్తే అత్త కళ్ళజోడు పెట్టుకుని అంతా చదివి, "తోకల్లేకపోయినా అర్థమవుతోందిగా. అయితే నేనే ఎక్కువ గుడ్డ వాడానన్నమాట" అంది. ఆ అధ్యాయం ఇప్పటికీ అలాగే ఉంది. అన్నిటికంటే అదే బాగుంటుంది.

కథ ఇది. ఒక నగరంలో పదిహేనేళ్ళు నిండిన పిల్లలను చౌరస్తాలో నిలబెడతారు. సాయంత్రం పూట, నీడ సరిగ్గా మనిషంత పొడవు ఉండే వేళ. కొలతగాళ్ళు వచ్చి ఆ నీడను వాళ్ళ ఇంటి పనికి సరిపోయేట్టు కత్తిరిస్తారు. దీపాలు తుడిచేవాడి కూతురికి దీపాలు తుడవడానికి చాలినంత నీడ. బండి తోలేవాడి కొడుక్కి బండి తోలడానికి చాలినంత నీడ. కోసేశాక ఇంకో పని చేతకాదు, చేయాలన్న ఊహ కూడా రాదు. కోసిన ముక్కలన్నీ కలిపి కోట మీద పందిరి కుడతారు. అందుకే ఎండలు మండిపోయే రోజుల్లోనూ కోట చల్లగా ఉంటుంది. రాజు కుటుంబం నీడలు మాత్రం ఎవరూ ముట్టుకోరు.

దీపాలు తుడిచేవాడి కూతురు ఒకతె, నీడలు కోసే కత్తెరలకు పదును పెట్టే కొట్లో పనికి కుదురుతుంది. పెట్టగా పెట్టగా ఒక సంగతి కనిపెడుతుంది. ఆ కత్తెర కదలని నీడనే కోయగలదు. కదిలే నీడ మీద వేస్తే దాని అంచే వంగిపోతుంది. తన వంతు వచ్చిన రోజు ఆ పిల్ల చౌరస్తాలో నిలబడి, కత్తెర దగ్గరికి రాగానే కదులుతుంది. చెయ్యి ఊపుతుంది, పక్కకు జరుగుతుంది, గెంతుతుంది. మరుసటి వారం ఇంకో పిల్లాడు కదులుతాడు. ఆ తర్వాత ముగ్గురు. చివరి అధ్యాయంలో చౌరస్తా నిండా పిల్లలు, ఒక్కరూ కదలకుండా ఉండరు, కొలతగాళ్ళ కత్తెరలు గాలిని కోసుకుంటూ ఉంటాయి.

వినడానికి తేలిగ్గా ఉంటుంది గానీ, ఇక్కడికి రావడానికి ఆవిడకు పదకొండేళ్ళు పట్టింది. మొదట రాసినప్పుడు ఆ పిల్ల కదిలింది, గెలిచింది, అయిపోయింది. నాకు బ్రహ్మాండంగా నచ్చింది. అత్తకు నచ్చలేదు.

"ఊరికే వచ్చేసిందే దానికి" అంది.

"మాయ కదత్తా. మాయంటే ఊరికే వచ్చేదే."

"కొలత లేని మాయ కథ కాదు, మోసం. ఎవరు చెయ్యగలరు, చేస్తే ఏం పోతుంది, ఎక్కడ పారదు, ఈ మూడూ తేల్చకుండా మాయ గురించి రాస్తే, కొలత తీసుకోకుండా గుడ్డ కోసినట్టే. పదిహేనేళ్ళ పిల్ల ఇట్టే పట్టేస్తుంది. పెద్దవాళ్ళకంటే వాళ్ళకే లెక్క ఎక్కువ."

అయిదు అధ్యాయాలు చింపేసి మళ్ళీ రాసింది. కోయని నీడ మనిషితో పాటు పెరుగుతుంది, బరువెక్కుతుంది, దాన్ని ఈడ్చుకుంటూ తిరగాలి, సాయంత్రానికి మడమలు వాస్తాయి. నీడ తెగనివాళ్ళకు ఏ పనివాళ్ళ వీధిలోనూ ఇల్లు ఇవ్వరు. కదిలినందుకు ఆ పిల్ల చెల్లించిన మూల్యం అది. అది వచ్చాక కథకు ఎముకలు వచ్చాయి.

ఇంకోసారి, ఆ పిల్ల కోటు వేసుకుని దీపస్తంభం ఎక్కే ఘట్టం రాయాలి. అత్త ముందు ఆ కోటు కుట్టింది. నిజంగా కుట్టింది. వేసుకుని కటింగ్ బల్ల ఎక్కి, పైనున్న గొట్టం పట్టుకుని వేలాడబోయింది. యాభై ఏళ్ళ మనిషి. చంకల దగ్గర పట్టేసి చేతులు లేవలేదు. యజమాని అప్పుడే లోపలికి వచ్చి, బల్ల మీద చేతులు సగం ఎత్తి నిలబడ్డ కటింగ్ మాస్టర్‌ను చూసి, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ మర్నాడు కథలో ఆ పిల్ల స్తంభం ఎక్కేముందు కోటు చంకలు చింపుకుంది. ఆ చింపుకున్న చప్పుడుకే కాపలావాడు తిరిగి చూస్తాడు. పుస్తకంలో అందరికీ నచ్చే చోటు అది.

నీతి వాసన వచ్చిన వాక్యాన్ని సుద్దతో అడ్డంగా కొట్టేసేది. "పొద్దున లేస్తే వాళ్ళకి అందరూ చెప్పేవి నీతులే. మళ్ళీ నేనొకదాన్నా?" అనేది. ఇంత తెలిసిన మనిషిని ఎవరూ రచయిత్రి అనలేదు. మా నాన్నయితే "దీని కథలకి దీని పిల్లలే లేరు, ఊళ్ళో పిల్లలకెందుకో" అనేవాడు. నాన్న అయినా సరే, ఆ మాట తప్పు.

రెండేళ్ళ కిందట పేపర్లో ఒక ప్రచురణ సంస్థ ప్రకటన పడింది. పదిహేనేళ్ళ వాళ్ళ కోసం కొత్త వరస పుస్తకాలు వేస్తాం, బడి లైబ్రరీలన్నిటికీ పంపుతాం, రాతప్రతులు పంపండి అని. అత్త వద్దు వద్దంటూనే సరేనంది. పంపాం. ఎనిమిది నెలలకు ప్రచురణకర్త స్వయంగా ఉత్తరం రాశాడు. "మీ నవల చదువుతూ బస్సులో రెండు స్టాపులు దాటిపోయాను" అని మొదలుపెట్టాడు. ఆ ఉత్తరం అత్త ఎన్నిసార్లు చదివిందో నాకు తెలుసు, ఎందుకంటే మడతల దగ్గర చిరిగితే నన్నే టేపు అంటించమంది.

ఉత్తరం చివర ఒక మాట ఉంది. ఒక్కటే మార్పు. ఆ పిల్ల నిజానికి చిన్నప్పుడు తప్పిపోయిన రాజు కూతురని చివర్లో తేలాలి. అందుకే ఆమె నీడ తెగలేదని చెప్పాలి. అప్పుడే పాఠకులకు తృప్తిగా ఉంటుంది, లైబ్రరీలకు పుస్తకాలు ఎంచే కమిటీకీ అభ్యంతరం ఉండదు.

అత్త మొహం మాడిపోయింది. "కుదరదని రాసెయ్యి" అంది.

నేను రాయలేదు. ఇక్కడ నా తప్పు దాచుకోను. మూడు రోజులు వెంటపడ్డాను. "నడుం దగ్గర అరంగుళం విప్పమంటే విప్పవా? ఆర్డరిచ్చినవాళ్ళ మాట కాదంటావా? ఆల్టరేషనే కదా అత్తా. పుస్తకం రావడం ముఖ్యం." ఆవిడ వృత్తి మాటలతోనే ఆవిడను పడగొట్టాను. ముప్పై ఏళ్ళుగా ఆల్టరేషన్‌కు కాదనని చెయ్యి ఆవిడది. పొట్టివాడి ప్యాంటు పొడుగు చేయమన్నా నోరెత్తకుండా చేస్తుంది. పనివాళ్ళలో అది ఒక గుణం. ఆ గుణమే ముంచింది. నాలుగో రోజు "సరే, విప్పి కుడతా" అంది.

తొమ్మిది రోజుల్లో కుట్టింది. ఒక ముసలి దాదిని తెచ్చింది, భుజం మీద ఒక పుట్టుమచ్చ పెట్టింది, రాజు కళ్ళనీళ్ళు పెట్టుకుని పిల్లను దగ్గరికి తీసుకున్నాడు. వెనక్కి వెళ్ళి మూడో అధ్యాయంలోనూ పదో అధ్యాయంలోనూ ఆనవాళ్ళు వేసింది. ఎక్కడా అతుకు కనిపించలేదు. నేను కంపోజ్ చేస్తూ, చేతిపని అంటే ఇదీ అనుకున్నాను. ప్రచురణకర్త ఎంతో సంతోషించాడు. ప్రూఫులు వచ్చాయి. సంతకం పెట్టి రెండు రోజుల్లో పంపితే అచ్చుకు వెళ్ళిపోతుంది.

ఆ ప్రూఫులు ఇవ్వడానికి నేను షాపుకు వెళ్ళినప్పుడు ట్రయల్ గదిలో ఒక పిల్ల ఉంది. అత్త ఆ పిల్లను మోచేతుల పిల్ల అంటుంది. పన్నెండేళ్ళప్పటి నుంచి వస్తోంది. మొదటి ఏడాది మోచేతులు డొక్కలకు అంటించుకుని ఎంతకూ తీయలేదట. ఏడాదికో ముక్క చొప్పున నవలంతా వింది, ఒక్క చివరి అధ్యాయం తప్ప. ఆ ఏడు పదిహేను నిండింది. చేతులు వదులుగా వేసుకుని పీట మీద నిలబడి, "ఇవాళ ముగింపు చెప్తానన్నారు" అని అడుగుతోంది.

అత్తకు హుషారు వచ్చింది. "చెప్పడమేంటే, అచ్చులో చదువుతా ఉండు" అని ప్రూఫులు అందుకుంది. నేను గుడ్డ తాన్ల మీద కూర్చున్నాను. అత్త బాగా చదువుతుంది. దాది వచ్చింది, పుట్టుమచ్చ బయటపడింది, రాజు ఏడ్చాడు. అయిపోయింది.

పిల్ల తన కాళ్ళ వంక చూసుకుంటూ "బాగుంది ఆంటీ" అంది.

"బాగుంటే ఆ మొహమేంటే?"

"ఏం లేదు."

"చెప్పు. నేనేం కొట్టను."

"రాజు కూతురు కాబట్టి కదిలిందన్నమాట. నేను ఎవరైనా కదలొచ్చనుకున్నా." అద్దం వైపు నుంచి మొహం తిప్పుకుంది. "మా క్లాసులో అందరికీ అలాగే చెప్పాను. ఇప్పుడు వెళ్ళి కాదని చెప్పాలి."

అని, మోచేతులు మళ్ళీ డొక్కలకు ఆనించుకుంది. తెలిసి చేసింది కాదు. అవి వాటంతటవే వెళ్ళిపోయాయి.

అత్త ప్రూఫులు మడిచి పక్కన పెట్టింది. తర్వాత కొలత తీసింది, అంకె రాసింది. పిల్ల వెళ్ళాక ఆ అంకె చూసి కొట్టేసింది. కిందటేటి కంటే రెండు అంగుళాలు తక్కువ వచ్చింది. పెరిగే పిల్లకు తగ్గడం ఏమిటి?

"నేను ఎవరి మాట విన్నానే?" అని నన్ను అడిగింది. గొంతు మామూలుగానే ఉంది, అందుకే నాకు భయమేసింది. "ముప్పై ఏళ్ళుగా ఈ షాపులో ఉన్నా. ఆర్డరిచ్చేది బడివాళ్ళు. కొనేది అమ్మానాన్నలు. తొడుక్కునేది పిల్ల. నేను ఎవరికి కుడుతున్నానో నాకెప్పుడూ తెలుసు. పుస్తకం దగ్గరకొచ్చేసరికి ఆర్డరిచ్చినవాడికి కుట్టాను."

"నేనే కదత్తా బలవంతపెట్టింది."

"నువ్వు చెప్తే కుట్టే చెయ్యి నాదేగా" అంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు యజమానిని ఒక పూట సెలవు అడిగింది. బడులు తెరిచే ముందు సెలవా అని ఆయన నోరు తెరిచాడు. అత్త చేతిలో కత్తెర ఇంకా ఉంది. ఆయన నోరు మూసుకున్నాడు. ఇద్దరం ప్రచురణ సంస్థకు వెళ్ళాం.

రెండో అంతస్తులో ఒక ఇరుకు గది. గోడల వెంట కట్టలు కట్టిన పుస్తకాలు, తలుపు దగ్గర టేబుల్ వెనక ఒక గుమాస్తా, లోపలి గదిలో ప్రచురణకర్త. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి. చెడ్డవాడేం కాదు, ఆ మాట చెప్పాలి. లేచి నిలబడి కూర్చోమన్నాడు. టీ తెప్పించాడు. అత్త టీ ముట్టుకోకుండా సంచిలోంచి పాత ముగింపు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది వెయ్యండి."

ఆయన తిరగేసి చూశాడు. "మార్చి ఇచ్చారు కదమ్మా. చాలా బాగా మార్చారు కూడా."

"బాగా మార్చానండి. తప్పు కుట్టు ఎంత నీటుగా కుట్టినా తప్పు కుట్టే."

ఆయన కళ్ళజోడు తీశాడు. "చూడండమ్మా. నేను నలభై ఏళ్ళుగా పుస్తకాలు వేస్తున్నాను. పాఠకుడికి కారణం కావాలి. ఊరంతా తలొంచుకున్న చోట ఈ ఒక్క పిల్లే ఎందుకు తలెత్తింది? దానికి జవాబుండాలా వద్దా?"

"ఉండాలండి."

"మీ దాంట్లో ఏదీ? కదిలితే చాలంటారు. అంత తేలికైతే ఇన్ని వందల ఏళ్ళు ఎవరూ ఎందుకు కదల్లేదు?"

"అదే కదండీ పుస్తకం" అంది అత్త.

బయట గుమాస్తా కాగితాలు సర్దే చప్పుడు ఆగింది. అత్త ఆపలేదు.

"రాజు కూతురు కాబట్టి కదిలిందని చెప్తే ఆ ప్రశ్న అడిగేవాళ్ళే ఉండరు. చదివిన పిల్ల పుస్తకం మూసేసి, సరే, నేను రాజు కూతుర్ని కాదుగా అనుకుని వెళ్ళి నిలబడుతుంది. మొన్న నా ఎదురుగానే అలా నిలబడింది. పదిహేనేళ్ళ పిల్ల ఊపిరి బిగబడితే ఛాతీ ఎంతో, వదిలితే ఎంతో మీకు తెలుసా? నాకు తెలుసండి. మూడంగుళాలు తేడా. నేను పదకొండేళ్ళు రాసింది ఆ మూడంగుళాల కోసం. మీ కమిటీ కోసం కాదు."

"మీ కోపం నాకర్థమైంది" అన్నాడాయన. నిజంగానే అర్థమైనట్టు కనిపించాడు. "కానీ ఇది నా ఒక్కడి చేతిలో లేదు. ఈ ముగింపుతో ఈ వరసలో వెయ్యలేను. మీది కాకపోతే ఇంకొకరిది వేస్తాను. మీకు రాక రాక వచ్చిన అవకాశం ఇది."

నేను బల్ల కింద అత్త కాలు తొక్కాను. నాకు సిగ్గు లేదు, అప్పటికీ పుస్తకం రావాలనే ఉంది. బడి లైబ్రరీలన్నిటిలో అత్త పేరున్న పుస్తకం. మా నాన్న నోరు మూతపడే పుస్తకం.

అత్త కాలు లాక్కుంది. "రాకపోతే రాదండి" అంది. "నా పిల్లని మాత్రం మీ రాజుకి ఇవ్వను."

రాతప్రతి వెనక్కి తీసుకుంటున్నట్టు గుమాస్తా ఒక కాగితం ఇచ్చాడు. కారణం అని ఒక గడి ఉంది. అత్త అందులో "కొలత తప్పింది" అని రాసి సంతకం చేసింది. గుమాస్తా అది చదివి, లోపలి గది వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి "ప్రూఫులు దిద్దింది నేనేనండి. నాకూ మొదటిదే నచ్చింది" అన్నాడు. అప్పుడే ఎందుకు చెప్పలేదయ్యా అని నాకు నోటిదాకా వచ్చింది. ఉద్యోగం చేసుకునేవాడు, ఎందుకు చెప్తాడు? చౌరస్తాలో నిలబడ్డవాళ్ళంతా అలాగే కదా అనుకుని ఊరుకున్నాను.

వీధిలోకి వచ్చాక అత్త ఒక మూసి ఉన్న కొట్టు మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. నేను ఆవిడ ఏడవగా చూడడం అదే మొదటిసారి. పక్కన కూర్చుని నేనూ ఏడ్చాను. నాకు దుఃఖం కంటే కోపమే ఎక్కువగా ఉంది, ఎవరి మీదో తెలియని కోపం.

"బాధగా ఉందే" అంది కొంగుతో మొహం తుడుచుకుంటూ. "చాలా బాధగా ఉంది. కానీ సిగ్గుగా లేదు. ఆ దాదిని రాసినప్పట్నుంచి సిగ్గుగా ఉండేది, ఎందుకో తెలిసేది కాదు."

ఇంటికి వచ్చి చెబితే నాన్న తల పట్టుకున్నాడు. "చేతికొచ్చింది కాలదన్నుకున్నావు. మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అన్నారా?"

"రాజు ఊసెత్తకన్నయ్యా, విసిగిపోయి ఉన్నా" అని అత్త మేడెక్కింది. ఆ రోజు నాన్న నవల మాట ఎత్తి నవ్వలేదు. తర్వాత కూడా నవ్వలేదు.

ఆ వరసలో ఇంకొకరి నవల వచ్చింది. నేను కొని చదివాను. అందులో కుర్రాడు ఎవరి కొడుకో చివర్లో తేలుతుంది. అంతకంటే ఏం చెప్పను. అత్త నవల మాత్రం ఇవాళ్టికీ రాలేదు. ఇంకో ఇద్దరికి పంపాం. ఒకరు జవాబే ఇవ్వలేదు. ఇంకొకరు ఆ పిల్లను పిల్లాడిగా మార్చమన్నారు. నా కంప్యూటర్లో రాజు కూతురి ముగింపు ఉన్న ఫైలును నేనే తీసేశాను, అత్తను అడగకుండా.

ప్రచురణ సంస్థకు వెళ్ళొచ్చిన నాలుగో రోజు మోచేతుల పిల్ల కుట్టిన యూనిఫారం తీసుకోవడానికి వచ్చింది. అత్త ఆ పిల్లను పీట మీద కాదు, బల్ల దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టి, మొన్న చదివింది తప్పు ముగింపు అని చెప్పింది. పెద్దవాళ్ళు పిల్లలకు తప్పు చేశామని చెప్పడం నేను చాలా తక్కువగా విన్నాను. తర్వాత పాటర్న్ కాగితాలు తెచ్చి చౌరస్తా అధ్యాయం మొత్తం చదివింది. పిల్ల మధ్యలో ఒక్కసారి కూడా కదల్లేదు. అయ్యాక "ఇది లైబ్రరీకి ఎప్పుడొస్తుంది?" అని అడిగింది.

"రాదు. వాళ్ళు వెయ్యలేమన్నారు."

"మరి ఎక్కడ దొరుకుతుంది?"

"ఇక్కడే. ఇంకెక్కడా దొరకదు."

పిల్ల ఆలోచించుకుంటూ వెళ్ళిపోయింది. మర్నాడు భోజనం వేళకు ఆరుగురిని వెంటబెట్టుకుని వచ్చింది. ఒకళ్ళ చేతిలోనూ గుడ్డ లేదు, రసీదు లేదు. యజమాని లెక్కపెట్టుకుని చూసి, ఆర్డరేమో అని సంబరంగా లేచాడు.

"వీళ్ళకి ఏం కుట్టాలి?"

"ఏం కుట్టక్కర్లేదు" అంది అత్త.

"మరెందుకొచ్చారు?"

"వినడానికి. నా భోజనం టైమండి ఇది, మీది కాదు."

ఆయన గోడ గడియారం చూశాడు, ఆరుగురు పిల్లలను చూశాడు, మళ్ళీ అత్తను చూశాడు. షాపా ఇది, బడా అని సణుక్కుంటూనే వెళ్ళి తలుపు దగ్గర కుర్చీ వేసుకున్నాడు. వినపడేంత దూరంలోనే వేసుకున్నాడు.

పిల్లలు తాన్ల మీద, కటింగ్ ముక్కల గుట్టల మీద సర్దుకున్నారు. అత్త కళ్ళజోడు పెట్టుకుని చొక్కా ముందు ముక్క ఆకారంలో ఉన్న మొదటి కాగితం తీసింది. చివర కూర్చున్న ఒక పొడుగు పిల్ల, మొదటిసారి వచ్చింది, చెయ్యెత్తింది.

"ఆంటీ, ముందు ఇది చెప్పండి. ఆ అమ్మాయి ఎవరి కూతురు?"

"ఎవరి కూతురైతే నీకెందుకే" అంది అత్త. "కూర్చుని విను."